ప్రపంచ పురాణగాథలను పోల్చి చదవడం ఎలా: జలప్రళయ కథలతో పూర్తి పద్ధతి

మనువు కథ, బైబిల్లో నోవహు కథ ఒకేలా ఉన్నాయని చాలామంది గమనిస్తారు. ఆశ్చర్యపోతారు, నలుగురికీ చెబుతారు, అక్కడితో ఆగిపోతారు. ఆ తర్వాత ఏం చెయ్యాలి, ఏ వరుసలో చెయ్యాలి అన్నదే ఇక్కడి విషయం. పోలికలు ఎవరికైనా కనిపిస్తాయి. ఒక సమాజం దేనికి భయపడిందో, దేన్ని సరిదిద్దుకోవాలనుకుందో మాత్రం తేడాల్లోనే దొరుకుతుంది. అందుకే ఈ పద్ధతి మొత్తం తేడాలను పట్టుకోవడానికే.

ఉదాహరణకు జలప్రళయ కథలను తీసుకున్నాం. ఇవి చాలావరకు చిన్నవి, ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటిని తెలుగులోనే చదువుకోవచ్చు. రోజుకు గంట చొప్పున కూర్చుంటే ఐదారు వారాల పని.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోటుబుక్కు, లేదా ఎక్సెల్ లాంటి పట్టిక
- రెండు రంగుల పెన్సిళ్లు (5వ మెట్టులో తప్పనిసరి)
- ఆదికాండం 6 నుంచి 9 అధ్యాయాల ప్రింటు
- వీలైతే ప్రతి పరాయి కథకూ రెండు వేర్వేరు అనువాదాలు

## 1. ముందు ప్రశ్న, తర్వాతే కథలు

"ప్రపంచ పురాణాలన్నీ ఒకటేనా?" అనేది పని జరిగే ప్రశ్న కాదు. దానికి అవునన్నా కాదన్నా ఎవరూ తప్పని చూపించలేరు.

ప్రశ్న ఒక వాక్యంలో ఉండాలి. పాఠంలో వేలు పెట్టి చూపించగలిగే జవాబు దానికి ఉండాలి. జలప్రళయానికి ఇలాంటివి పనికొస్తాయి:

- ప్రళయం ఎందుకు వచ్చిందని కథ చెబుతోంది? అసలు చెబుతోందా?
- నీళ్లు తీశాక లోకంలో కొత్తగా వచ్చింది ఏమిటి?
- బతికినవాడికి ముందే చెప్పింది ఎవరు, ఎందుకు?

మొదటిసారి చేసేవాళ్లు రెండో ప్రశ్న ఎంచుకోవడం మంచిది. కథ ముగింపులోనే ఆ సమాజం ముద్ర బాగా తెలుస్తుంది.

## 2. పాఠాల ఎంపిక: ఐదు చాలు, పది వద్దు

నలభై కథల సారాంశాలు చదివినదానికంటే ఐదు కథల మూలపాఠాలు చదివినందువల్ల ఎక్కువ ఫలితం. ఈ ఐదింటితో మొదలుపెట్టండి:

- మనువు–చేప: శతపథ బ్రాహ్మణం, 1వ కాండం, 8వ అధ్యాయం, 1వ బ్రాహ్మణం. ఎగ్గెలింగ్ ఆంగ్లానువాదం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉంది. దీనికి తోడు మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పే భాగం, పోతన భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ.
- అత్రహసీస్: బాబిలోనియా, అక్కాడియన్ భాష, మూడు మట్టి పలకలు. మనకు దొరికిన ప్రధాన ప్రతి క్రీ.పూ. 17వ శతాబ్దానిది.
- గిల్గమేష్, 11వ పలక: బాబిలోనియా మహాకావ్యం. క్రీ.పూ. 7వ శతాబ్దపు నీనెవె గ్రంథాలయపు ప్రతులు దీనికి ముఖ్య ఆధారం.
- ఆదికాండం 6–9: తెలుగు బైబిల్ సరిపోతుంది.
- గున్, యూ: చైనా. తత్త్వవేత్త మెన్షియస్ పేరుతో ఉన్న గ్రంథంలోనూ, చరిత్రకారుడు సిమా ఛియాన్ రాసిన చరిత్రలోనూ ఉంది. చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ అనే సైటులో మూలం దొరుకుతుంది.

గ్రీకుల డ్యుకాలియన్ కథను ఆరోదిగా కలుపుకోవచ్చు. రోమన్ కవి ఓవిడ్ రాసిన మెటమార్ఫసిస్ కావ్యం మొదటి పుస్తకంలోని ఈ భాగం పర్సియస్ డిజిటల్ లైబ్రరీలో ఉంది. సుమేరు కథ కావాలంటే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి సుమేరు సాహిత్య సైటు చూడండి. అందులో బతికినవాడి పేరు జియుసుద్ర.

యూట్యూబ్ వీడియోలు, "వింత నిజాలు" తరహా పోస్టులు ఈ దశలో అస్సలు వద్దు. అవి చెడ్డవని కాదు. పోలికలను ముందే ఏరి వడ్డిస్తాయి గనక తేడాలు మీ కంటపడవు.

## 3. అనువాదంలోని గుర్తులు తెలుసుకోండి

మట్టి పలకల అనువాదాల్లో చదరపు బ్రాకెట్లు కనిపిస్తాయి. పలక అక్కడ విరిగింది, లోపలి మాటలు పండితుడు ఊహించి పూరించినవి అని వాటి అర్థం. మూడు చుక్కలుంటే అక్కడ ఏముందో తెలియదు. వాలు అక్షరాలను చాలా ముద్రణల్లో అర్థం అనుమానంగా ఉన్న మాటలకు వాడతారు. సాధారణంగా పుస్తకం పీఠికలో ఈ సంకేతాల వివరణ ఉంటుంది. ముందు అది చదవండి.

బ్రాకెట్లలోని మాటను ఆధారంగా తీసుకుని వాదన కడితే అది ఆ పండితుడి ఊహ మీద కట్టినట్టే. నోట్సులోకి ఎక్కించేటప్పుడు బ్రాకెట్లను అలాగే ఉంచండి.

## 4. రెండుసార్లు చదివి, పట్టిక వెయ్యండి

మొదటిసారి ఏమీ రాసుకోకుండా చివరిదాకా చదవండి. రెండోసారి చదివాక పుస్తకం మూసి, కథను పదిహేను వాక్యాల్లోపు రాయండి. తర్వాత మూలంతో సరిచూడండి. మూలంలో లేనిది మీరేం కలిపారో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. శతపథంలోని చేపను "విష్ణువు" అని రాసేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పాఠంలో విష్ణువు ప్రసక్తే లేదు.

ఇప్పుడు పట్టిక. అడ్డు వరుసల్లో కథలు, నిలువు వరుసల్లో ఈ అంశాలు:

1. ఎప్పటి పాఠం, ఏ భాష
2. ఈ కథ ఏ పెద్ద గ్రంథంలో, ఏ సందర్భంలో వస్తుంది
3. ఎవరు ఎవరికి చెబుతున్నారు
4. ప్రళయానికి కారణం
5. హెచ్చరించినవాళ్లు, వాళ్ల ఉద్దేశం
6. తప్పించుకునే సాధనం, కొలతలు
7. వెంట ఏమేం తీసుకెళ్లారు
8. ఎన్నాళ్లు
9. ఎక్కడ ఆగింది
10. దిగగానే చేసిన మొదటి పని
11. ఆ తర్వాత లోకంలో మార్పు

గడుల్లో పాఠంలోని వివరమే రాయాలి. 6వ గడిలో "పడవ" అని రాస్తే దండగ. గిల్గమేష్‌లో ఒక్కో వైపూ 120 మూరలున్న చదరపు పెట్టె లాంటి నావ. ఆదికాండంలో 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. మనువుకు ఏ కొలతా లేదు, చేప కొమ్ముకు తాడు కట్టాడన్నదే ముఖ్యం. డ్యుకాలియన్‌ది అపొల్లోడోరస్ పేరుతో ఉన్న గ్రంథంలో ఒక పెట్టె మాత్రమే, తొమ్మిది పగళ్లూ తొమ్మిది రాత్రులూ తేలింది.

పాఠంలో లేకపోతే "లేదు" అని రాయండి. పలక విరిగి తెలియకపోతే "పోయింది" అని రాయండి. ఈ రెండూ ఒకటి కావు. గిల్గమేష్ 11వ పలకలో ప్రళయానికి కారణం చెప్పలేదు. అత్రహసీస్‌లో ఉంది కదా అని ఇక్కడికి తెచ్చి నింపితే పట్టిక పాడైపోతుంది.

## 5. ఒకే సంప్రదాయంలోని పాఠాంతరాలు ముందు

పరాయి కథలతో పోల్చే ముందు ఇంటి కథలను ఒకదానితో ఒకటి పోల్చాలి. జనం ఎక్కువగా దాటవేసేదీ, అన్నిటికంటే ఎక్కువ నేర్పేదీ ఈ మెట్టే.

చేప ఎవరు? శతపథంలో పొద్దున చేతులు కడుక్కుంటున్న మనువు చేతిలోకి చిన్న చేప వస్తుంది. నన్ను పెంచు, నిన్ను కాపాడతాను అంటుంది. అది ఎవరో కథ చెప్పదు. మహాభారతంలో చివర్లో ఆ చేప తాను బ్రహ్మనని చెబుతుంది. మత్స్య పురాణంలోనూ భాగవతంలోనూ అది విష్ణువు.

పడవలో ఎవరున్నారు? శతపథంలో మనువు ఒక్కడే. మహాభారతంలో సప్తర్షులూ, విత్తనాలూ చేరారు. భాగవతంలో తాడు స్థానంలో వాసుకి వచ్చాడు. మనువు ద్రవిడదేశపు రాజు సత్యవ్రతుడయ్యాడు, చేప దొరికింది కృతమాలా నదిలో. హయగ్రీవుడు వేదాలను ఎత్తుకుపోవడం, వాటిని తిరిగి తేవడం కూడా ఇక్కడ కథలో భాగమే.

ఈ మార్పులను కాలక్రమంలో ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ముందు బతకవలసింది మనిషి. తర్వాత విత్తనాలు, ఋషులు. ఆ తర్వాత వేదాలు. ఏది పోతే లోకం పోయినట్టు అన్న భావం ఎలా మారిందో మీ పట్టికే చూపిస్తుంది.

రెండు రంగుల అభ్యాసం. ఆదికాండం ప్రింటు తీసుకుని, "యెహోవా" అన్నచోట ఒక రంగు, "దేవుడు" అన్నచోట ఇంకో రంగు వెయ్యండి. తెలుగు బైబిల్ ఈ తేడాను చక్కగా నిలబెట్టింది. తర్వాత సంఖ్యలు చూడండి. 6:19లో ప్రతి జాతిలో రెండేసి. 7:2లో పవిత్ర జంతువులు ఏడేసి జతలు. 7:12లో వాన 40 రోజులు. 7:24లో నీళ్లు 150 రోజులు. రెండు వేర్వేరు కథనాలను పేని ఒకటిగా చేశారని పండితులు ఎందుకంటారో ఒక గంటలో మీకే అర్థమవుతుంది. ఎక్కువ జంతువులున్న కథనంలోనే చివర బలి ఉంది (8:20). రెండేసి మాత్రమే ఎక్కించుకుంటే బలి ఇచ్చిన జాతి అంతరించిపోయేది మరి!

7:16 దగ్గర కాస్త ఆగండి. ఒకే వచనంలో రెండు పేర్లూ వస్తాయి, రంగు మధ్యలో మారుతుంది.

## 6. పోలిక ఎందుకు వచ్చింది: నాలుగు దారులు

రెండు కథలు కలిస్తే "ఇది నిజంగా జరిగిందన్నమాట" అని దూకకండి. ఒక్కో పోలికకూ ఈ నాలుగింటినీ వరుసగా పరీక్షించండి.

- కథకు అవసరమైనదా? అంతా మునిగి ఒకడు బతకాలంటే తేలే వస్తువో, ఎత్తైన కొండో ఉండి తీరాలి. అలాంటి పోలికకు విలువ సున్నా.
- ఒకరి నుంచి ఒకరికి వచ్చిందా? కథకు అవసరం లేని చిన్న వివరాలు, అదే వరుసలో, గుంపుగా కలిస్తేనే ఈ మాట అనాలి.
- ఒకే రకం నేల, నీరా? వరదలొచ్చే నదుల ఒడ్డున వరద కథలు పుట్టడంలో వింత లేదు.
- తర్వాత కలిసిందా? కథను రాసుకున్నది ఎవరు, ఎప్పుడు? మిషనరీలు వచ్చాక నమోదైన హవాయి నూఉ కథలో బైబిల్ ప్రభావాన్ని చాలామంది అనుమానిస్తారు. ఐస్లాండ్‌లో స్నోరి అనే రచయిత అక్కడి పాత దేవతల కథలను రాసింది 13వ శతాబ్దంలో, ఆ దేశం క్రైస్తవం తీసుకున్న రెండు వందల ఏళ్ల తర్వాత.

రెండో పరీక్షకు మంచి ఉదాహరణ పక్షులు. గిల్గమేష్‌లో పావురం వెళ్లి తిరిగొస్తుంది, వానకోవెల తిరిగొస్తుంది, కాకి తిరిగి రాదు. ఆదికాండంలో ముందు కాకి, తర్వాత పావురం. పావురం ఒకసారి ఒలీవ ఆకు తెస్తుంది, చివరిసారి రానే రాదు. రెండిటా నావ కొండ మీద ఆగుతుంది, దిగగానే బలి, ఆ సువాసనను దేవతలు లేదా దేవుడు ఆఘ్రాణించడం. కథ నడవడానికి కాకి అక్కర్లేదు. ఇన్ని అక్కర్లేని వివరాలు కలిశాయంటే రెండిటికీ మధ్య సంబంధం ఉన్నట్టే.

ఇదే గీటురాయి మీద మనువు–నోవహులను పెట్టండి. ముందస్తు హెచ్చరిక, నావ, కొండ: మూడూ చాలావరకు కథకు అవసరమైనవే. పెరిగే చేప బైబిల్లో లేదు. పక్షులు శతపథంలో లేవు. కాబట్టి ఈ రెండూ ఒకే కథ అని ఈ ఆధారాలతో అనలేం. ఈ మాట చాలామందికి రుచించదు. అయినా పట్టికలో ఉన్నదాన్నే రాయాలి.

## 7. తేడాలు చదవడం

ఇక్కడికి వచ్చాక పట్టికలోని 2, 4, 11 నిలువు వరుసలను పక్కపక్కన పెట్టండి.

అత్రహసీస్‌లో మనుషులు పెరిగిపోయి, వాళ్ల గోలకు ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టదు. ముందు తెగులు, తర్వాత కరువు, చివరికి వరద. నీళ్లు తీశాక చేసుకున్న ఏర్పాటు ఏమిటి? కొందరు స్త్రీలకు పిల్లలు పుట్టరు, కొందరు పసిబిడ్డలు చనిపోతారు, కొందరు పూజారిణులు పిల్లల్ని కనకూడదు. పసిబిడ్డలు ఎందుకు పోతున్నారు అన్న ప్రశ్నకు ఆ కథ జవాబు చెబుతోంది. పాపం, పుణ్యం అందులో పెద్ద విషయాలు కావు.

ఆదికాండంలో కారణం మనుషుల చెడుతనం, ముగింపు ఒడంబడిక, గుర్తుగా మేఘంలో ధనుస్సు. దేవుడు తన చేతులు తానే కట్టేసుకున్నాడు.

శతపథంలో కారణమే లేదు. ఎవరూ తప్పు చెయ్యలేదు. ఫలానా ఏడు వరద వస్తుందని చేప చెబుతుంది, వస్తుంది. మరి ఆ కథ దేనికి? 2వ నిలువు వరుస చూస్తే తెలుస్తుంది. యజ్ఞంలో "ఇడ" అనే ఆహుతి భాగాన్ని వివరిస్తూ ఈ కథ చెప్పారు. మనువు దిగాక నేయి, పెరుగు లాంటివి నీళ్లలో వేల్చుతాడు, ఏడాదికి ఇడ అనే స్త్రీ పుడుతుంది, ఆమెతో కలిసి యజ్ఞం చేసి సంతతిని పొందుతాడు. యజ్ఞం నుంచే మనుషులు పుట్టారని చెప్పడానికి వరద ఒక రంగస్థలం మాత్రమే. సందర్భం వదిలేసి కథను ఒక్కదాన్నే కత్తిరించి చదివితే ఇదంతా జారిపోతుంది.

చైనా కథ ఇంకో లోకం. నావ లేదు, శిక్ష లేదు, పారిపోవడం లేదు. గున్ గట్లు కట్టి నీటిని ఆపబోయి ఓడిపోతాడు. కొడుకు యూ కాలువలు తవ్వి నీటిని సముద్రానికి పంపుతాడు. మెన్షియస్ ప్రకారం ఎనిమిదేళ్లలో మూడుసార్లు సొంత ఇంటి గడప ముందు నుంచే వెళ్లినా లోపల అడుగు పెట్టలేదు. సిమా ఛియాన్ 13 ఏళ్లంటాడు. బహుమానం రాజ్యం. అక్కడ వరద దేవుడి కోపం కాదు, పాలకుడి పరీక్ష.

ఒక కథ లేకపోవడం కూడా ఆధారమే. ఈజిప్టులో మానవజాతి నాశనం కథ ఉంది, కానీ ఆయుధం నీళ్లు కాదు, చంపడానికి బయల్దేరిన దేవత. ఎర్రరంగు కలిపిన 7,000 జాడీల బీరు పొలాల్లో పోసి, రక్తమనుకుని ఆమె తాగేలా చేసి ఆపుతారు. అక్కడ నైలు వరద ఎండాకాలంలో, విత్తనాలకు ముందు వచ్చి పొలానికి ఒండ్రు ఇస్తుంది. టైగ్రిస్, యూఫ్రటీస్ వరదలు వసంతంలో, పంట చేతికొచ్చే వేళ వస్తాయి. దీంతో అంతా తేలిపోయిందని అనుకోవద్దు గానీ, ఒకరికి వరం మరొకరికి శాపం ఎందుకైందో ఊహించడానికి ఇది గట్టి ఆధారం.

## 8. నోటిమాట కథలకు అదనపు గడులు

రాతలో ఉన్నవే పురాణాలనుకుంటే సగం పోయినట్టే. తెలంగాణలో కూనపులివారు పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. వినేవాళ్ల కులం ఎలా పుట్టింది, వాళ్లకు ఏ పని, ఏ గౌరవం ఉన్నాయన్నది ఆ కథల గుండెకాయ. పోతన భాగవతానికి వేసిన పట్టిక వీటికి చాలదు.

కలపవలసిన గడులు:

- చెప్పేవాళ్లకు ఆ ఊళ్లో మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఉందా, ఎవరు పిలిచారు
- ఏ సందర్భం, ఏ రోజు, ఎన్ని గంటలు
- వినేవాళ్లు ఎవరు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ అడ్డుపడ్డారు
- పటంలో ఉండి మాటల్లో రానిది, మాటల్లో వచ్చి పటంలో లేనిది

ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి, ఎక్కడ వాడతారో చెప్పండి. ఒక్కసారి విన్నదే "అసలు కథ" అని రాయొద్దు. అదే దళం మరో ఊళ్లో చెప్పింది కూడా వినండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

"అందరికీ జలప్రళయ కథ ఉంది" అని రాయడం. లేనివాళ్లు చాలామంది ఉన్నారు. "నేను చూసిన ఐదు పాఠాల్లో" అని రాయండి.

వేల ఏళ్ల తేడాను మరచిపోవడం. క్రీ.పూ. 17వ శతాబ్దపు పలకనూ, క్రీ.శ. 15వ శతాబ్దపు పోతననూ పక్కపక్కన పెట్టవచ్చు. కానీ "బాబిలోనియా వాళ్లు ఇలా, తెలుగువాళ్లు అలా" అని తీర్పు చెప్పకూడదు. 1వ నిలువు వరుస అందుకే ఉంది.

పేర్ల శబ్దం చూసి చుట్టరికం కలపడం. రెండు పేర్లు చెవికి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు. భాషాశాస్త్రం చూపే క్రమమైన ధ్వనిమార్పులు లేకపోతే ఆ వాదన కొట్టేయండి.

అన్నిటినీ ఒకే మూసలో పొయ్యడం. ప్రతి కథా వీరుడి ప్రయాణమే అని ముందే అనుకుంటే యూ, నోవహు ఇద్దరూ ఒకటే కనిపిస్తారు. మూసలో పట్టని వివరాలను వేరే కాగితం మీద రాసుకోండి. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఇతరుల నమ్మకాన్ని కట్టుకథ అనడం. మీ ఇంటి కథకు వాడని మాట పక్కవాళ్ల కథకు వాడొద్దు. "ఈ పాఠం ప్రకారం" అనే మాట అన్నిటికీ సరిపోతుంది.

## 10. రాసే ముందు సరిచూసుకోవడం

మూడు నాలుగు పేజీల వ్యాసం చాలు. ముందు ప్రశ్న, తర్వాత పాఠాలు, పట్టికలోంచి రెండే నిలువు వరుసలు, చివర మీ నిర్ధారణ. పట్టిక మొత్తం వ్యాసంలో గుమ్మరించొద్దు.

- ప్రతి వాదనకూ అధ్యాయం, వచనం లేదా పలక సంఖ్య ఉందా?
- "లేదు", "పోయింది" గడులు కలిసిపోయాయా?
- ఒక్కో పోలికకూ నాలుగు పరీక్షలూ పెట్టారా?
- మీ నిర్ధారణను తప్పని చూపగల కథ ఒకటైనా వెతికారా?

నాలుగోదానికి "లేదు" అని వస్తే డ్యుకాలియన్ కథను పట్టికలో చేర్చండి. అక్కడ దిగాక దేవత "మీ తల్లి ఎముకలు వెనక్కి విసరండి" అంటుంది, దంపతులు భూమాత ఎముకలంటే రాళ్లని గ్రహించి విసురుతారు, రాళ్లు మనుషులవుతాయి. ఒడంబడికా లేదు, యజ్ఞంలోంచి పుట్టుకా లేదు. మీ నిర్ధారణ దీనికి నిలబడకపోతే 11వ నిలువు వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

రెండో విడతకు పాతాళానికి వెళ్లివచ్చే కథలు బాగుంటాయి: సుమేరు ఇనాన్నా, దాని కంటే చాలా చిన్నదైన అక్కాడియన్ ఇష్తార్ పాఠం, గ్రీకు పెర్సెఫొనీ, జపాన్ ఇజనాగి, మన నచికేతుడు. పట్టికలో 6, 7 నిలువు వరుసలు తీసేసి "ఎవరు అనుమతి ఇచ్చారు", "బదులుగా ఎవరిని లేదా దేన్ని వదిలిపెట్టాలి" అన్నవి పెట్టుకోండి.